గద్దె దించే హక్కు ఎవరిది?

1900 మార్చి 28న గోల్డ్ కోస్ట్ (ఇప్పటి ఘనా) గవర్నర్ ఫ్రెడరిక్ హాడ్జ్‌సన్ అసంతె రాజ్య రాజధాని కుమాసీలో అసంతె పెద్దలందరినీ పిలిపించి కూర్చోబెట్టాడు. అప్పటికి నాలుగేళ్ల కిందటే వాళ్ల రాజు ప్రెంపేను, రాజమాతను బ్రిటిష్ సైన్యం పట్టుకుపోయింది. గవర్నర్‌కు అది చాల్లేదు. బంగారు పీట ఎక్కడ దాచారో చెప్పమన్నాడు. విక్టోరియా రాణి ప్రతినిధిని తానైతే, ఆ పీట మీద తననెందుకు కూర్చోబెట్టలేదని నిలదీశాడు.

అసంతెల భాషలో దాని పేరు సికా ద్వా. సికా అంటే బంగారం, ద్వా అంటే పీట. సంగతేమిటంటే ఆ పీట మీద ఎవరూ కూర్చోరు, రాజు కూడా. 1700 ప్రాంతంలో ఒసెయ్ టుటు రాజుగా ఉన్న రోజుల్లో అది ఆకాశం నుంచి దిగివచ్చిందని, జాతి ప్రాణం మొత్తం అందులోనే ఉందని వాళ్ల నమ్మకం. గుడిలో మూలవిరాట్టును పక్కకు జరిపి, ఆ చోట నేను కూర్చుంటానని ఒక కలెక్టరు అంటే ఎలా ఉంటుందో హాడ్జ్‌సన్ అడిగింది అలాగే ఉంది. పెద్దలు అక్కడ నోరు మెదపలేదు. లేచి వెళ్లిపోయారు. కొద్ది రోజుల్లోనే ఎజిసు రాజమాత యా అసంతెవా నాయకత్వంలో యుద్ధం మొదలైంది. గవర్నర్ కుమాసీ కోటలో చిక్కుకుపోయి, చివరికి ఎలాగో తప్పించుకుని తీరానికి చేరాడు. యుద్ధంలో అసంతెలు ఓడారు. యా అసంతెవాను సీషెల్స్ దీవులకు పంపేశారు. 1921లో ఆమె అక్కడే చనిపోయింది. పీట మాత్రం బ్రిటిష్‌వాళ్ల చేతికి చిక్కలేదు.

ఈ కథను సాధారణంగా వీరగాథగా చెబుతారు. వీరగాథే, సందేహం లేదు. కానీ వలస పాలనలో ఆఫ్రికా రాజులకు నిజంగా ఏం జరిగిందో తెలియాలంటే పీట ఎక్కడుందన్న ప్రశ్న కన్నా, దాని మీద హక్కున్నవాణ్ని దించగలిగేది ఎవరన్న ప్రశ్న ఎక్కువ ఉపయోగపడుతుంది.

అకాన్ సమాజంలో, అంటే అసంతెలూ వాళ్ల ఇరుగుపొరుగు రాజ్యాల్లో, దీనికి స్పష్టమైన జవాబు ఉండేది. రాజమాత పేరు ప్రతిపాదిస్తుంది, పెద్దలు ఒప్పుకుంటారు, కొత్త రాజు అందరి ముందూ ప్రమాణం చేస్తాడు. పెద్దల మాట వినకపోయినా, ఊరి సొత్తు తినేసినా మళ్లీ ఆ పెద్దలే దించేస్తారు. దించేటప్పుడు కాళ్ల చెప్పులు విప్పేస్తారు. రాజు పాదం నేలకు తగలకూడదన్నది నియమం కాబట్టి, వట్టి కాళ్లతో నిలబడిన క్షణం నుంచి అతను రాజు కాడు. 'గద్దె దించడం' అని మనం మాటవరసకు అనేది అక్కడ పద్ధతి ప్రకారం జరిగే తంతు.

వలస ప్రభుత్వం మార్చింది సరిగ్గా దీన్నే. అట్టహాసాన్ని చాలాచోట్ల ముట్టుకోలేదు. గొడుగులు, డప్పులు, పల్లకీలు అలాగే ఉన్నాయి. కొన్నిచోట్ల ఇంకా పెరిగాయి కూడా. కింద ఉన్న ప్రజలు దించగలిగే మనిషిని, పైన ఉన్న ప్రభుత్వం మాత్రమే దించగలిగే మనిషిగా మార్చారు.

దీనికి 'పరోక్ష పాలన' అని పేరు పెట్టి సిద్ధాంతంగా మలిచినవాడు ఫ్రెడరిక్ లుగార్డ్. ఆయన పుట్టింది మద్రాసులో, 1858లో, సెయింట్ జార్జ్ కోటలో. పుట్టుకతోనే ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని అనలేం గానీ, సంస్థానాధీశుల పక్కన రెసిడెంటును కూర్చోబెట్టి నడిపించే పద్ధతి భారత్‌లో అప్పటికే పాతబడింది. హైదరాబాద్ చరిత్ర చదివినవాళ్లకు ఉత్తర నైజీరియాలో ఎమీర్ (ముస్లిం పాలకుడు) పక్కన కూర్చున్న బ్రిటిష్ రెసిడెంటు కొత్తవాడిలా అనిపించడు, హోదా పేరు కూడా అదే. 1903లో అక్కడి సొకోటో ఖలీఫా రాజ్యాన్ని లుగార్డ్ సైన్యం గెలుచుకుంది. ఓడిన ఖలీఫా అత్తాహిరు తూర్పుదిక్కుగా వెళ్లిపోతూ అదే ఏడాది జులైలో బుర్మీ దగ్గర పోరాడి చనిపోయాడు. అంతకుముందు మార్చిలో, కొత్త సుల్తాన్‌ను గద్దె ఎక్కించే సందర్భంలో, లుగార్డ్ సొకోటో పెద్దల ముందు విషయం దాచకుండా చెప్పేశాడు. ఫులానీలు (సొకోటోను ఏలిన తెగ) ఈ దేశాన్ని కత్తితో గెలుచుకున్నారు, ఇప్పుడు ఆ హక్కు బ్రిటిష్‌వాళ్లది, ఇక మీదట సుల్తాన్‌నైనా ఎమీర్‌నైనా నియమించేది హైకమిషనరే అని ఆయన ప్రసంగ సారాంశం. మీ మతం జోలికి రాము అనే హామీ కూడా ఇచ్చాడు. పన్నులు ఎమీర్ మనుషులే వసూలు చేస్తారు, అందులో కొంత కేంద్రానికి, మిగతాది స్థానిక ఖజానాకు. ఎమీర్‌కు ఆ ఖజానా నుంచే జీతం. రాజుకు నెలజీతం వచ్చిందంటే అతను ఎవరి మనిషో వేరే చెప్పనక్కర్లేదు.

ఉత్తరాన అప్పటికే ఎమీర్లు ఉన్నారు, కోర్టులు, పన్నుల లెక్కలు ఉన్నాయి. కాబట్టి బండి నడిచింది. ఇబ్బందల్లా ఆగ్నేయాన, ఇగ్బోల ప్రాంతంలో వచ్చింది. 'ఇగ్బో ఎన్వె ఎజె' అని వాళ్లలో ఒక నానుడి ఉంది, ఇగ్బోలకు రాజు లేడని అర్థం. కొన్ని పట్టణాల్లో రాజులు ఉన్నా, ఎక్కువ ఊళ్లలో పంచాయితీలు వంశపెద్దలు, బిరుదులున్నవాళ్లు, వయసుల వారీ సంఘాలు, ఆడవాళ్ల సభలు కలిసి తేల్చేవి. రాజు లేనిచోట రాజు ద్వారా పాలించడం ఎలా? ఒకణ్ని పట్టుకుని చేతికి వారంటు కాగితం ఇచ్చారు. వాళ్లే వారంటు చీఫ్‌లు. తలకు అధికార చిహ్నంగా టోపీ. ఆ పదవి దక్కినవాళ్లలో ఊళ్లో ఎవరికీ పెద్దగా లెక్కలేని మనుషులు చాలామందే ఉన్నారు. తెల్లదొరలు వస్తున్నారంటే అసలు పెద్దలు ముందుకు రాకుండా, పోతే పోయాడులే అనుకున్నవాణ్ని ముందుకు తోసిన ఊళ్లూ ఉన్నాయంటారు.

1928లో ఆ ప్రాంతంలో మగవాళ్ల మీద పన్ను వేశారు. మరుసటి ఏడాది నవంబరులో ఒలొకో అనే ఊళ్లో వారంటు చీఫ్ ఒకుగో జనాన్ని, మేకల్ని, గొర్రెల్ని లెక్కపెట్టి రమ్మని ఎమెరువా అనే ఉపాధ్యాయుణ్ని పంపాడు. అతను వెళ్లేసరికి న్వాన్యెరువా అనే ఆవిడ ఇంటి దగ్గర పామాయిలు తీస్తోంది. నీ మేకలెన్ని, గొర్రెలెన్ని, మనుషులెందరు అని అడిగాడు. లెక్క అయ్యాక పన్ను వస్తుందని అప్పటికి అందరికీ తెలుసు, మూడేళ్ల కిందట మగవాళ్లను లెక్కపెట్టాక అదే జరిగింది. మీ అమ్మను ఎవరైనా లెక్కపెట్టారా అని ఆమె ఎదురు తిరిగింది. ఇద్దరూ కలబడ్డారు. నూనె చేతులతోనే ఆమె ఊళ్లో ఆడవాళ్ల సభ జరుగుతున్న చోటికి పరుగెత్తింది. ఆ రోజు నుంచి తాటాకులు ఊరి నుంచి ఊరికి కబురు మోశాయి.

ఇగ్బో ఆడవాళ్లకు ఒక పాత ఆయుధం ఉంది. తప్పు చేసిన మగవాడి ఇంటి ముందు గుంపుగా చేరి, రాత్రీ పగలూ అతన్ని ఎగతాళి చేస్తూ పాటలు పాడడం, డ్యాన్సు చేయడం, గోడలు తట్టడం, అతను తప్పు ఒప్పుకునేదాకా కదలకపోవడం. దాన్ని 'మనిషి మీద కూర్చోవడం' అంటారు. ఒకుగో మీద అలాగే కూర్చున్నారు. అతని టోపీ అడిగారు. ఇది గమనించాల్సిన విషయం. డబ్బు కాదు, పన్ను రద్దు ఒక్కటే కాదు, టోపీ. అకాన్లలో రాజు చెప్పులు విప్పినట్టే, ఇక్కడ చీఫ్ టోపీ తీయించడం. గద్దె దించే హక్కు తమ దగ్గర ఉందని చెప్పడానికి అంతకంటే సూటి దారి లేదు. ప్రభుత్వం టోపీ లాక్కుని ఒకుగోను విచారించి రెండేళ్లు జైలుకు పంపింది. కానీ అప్పటికే ఉద్యమం పక్క జిల్లాలకు పాకింది. స్థానిక కోర్టులు తగలబడ్డాయి, చీఫ్‌ల టోపీలు ఒక్కొక్కటే ఊడాయి. డిసెంబరులో సైనికులు, పోలీసులు కాల్పులు జరిపారు. 50 మందికి పైగా ఆడవాళ్లు చనిపోయారు. విచారణ కమిషన్లు వేశాక 1930ల మొదట్లో వారంటు చీఫ్‌ల వ్యవస్థను తీసేసి, ఊరి పెద్దలు గుంపుగా కూర్చునే కోర్టులు పెట్టారు. బ్రిటిష్ రికార్డుల్లో దీన్ని 'ఆబా అల్లర్లు' అని రాశారు. ఇగ్బోలు 'ఆడవాళ్ల యుద్ధం' అంటారు.

ఇప్పటి ఉగాండాలో భాగమైన బుగాండా కథ వేరు. అక్కడ రాజు ఉన్నాడు, కబాకా అంటారు. శక్తిమంతమైన పాత రాజ్యం. నైజీరియా కన్నా ముందు, 1890లో, లుగార్డ్ వచ్చింది ఇక్కడికే. 1892లో మెంగో కొండ దగ్గర మాక్సిమ్ తుపాకులతో క్రైస్తవ వర్గాల గొడవలో తలదూర్చి, ఒక పక్షాన్ని గెలిపించాడు. కబాకా మ్వాంగా 1897లో తిరగబడ్డాడు, పట్టుబడ్డాడు. పక్క రాజ్యమైన బున్యొరో రాజు కబలెగాతో పాటు ఆయన్నీ సీషెల్స్ పంపారు. అసంతె రాజు ప్రెంపేను కూడా 1900లో అక్కడికే చేర్చారు. హిందూ మహాసముద్రంలో ఆ చిన్న దీవుల్లో ఆఫ్రికా రాజులు ఒకరికొకరు పొరుగువాళ్లయ్యారు.

మ్వాంగా కొడుకు దౌదీ చ్వా 1897లో ఏడాది వయసులోనే కబాకా అయ్యాడు. ఆ పిల్లాడి పేరు మీద 1900లో సర్ హ్యారీ జాన్‌స్టన్ ఒప్పందం రాయించాడు. సంతకాలు పెట్టింది అపోలో కగ్వా తదితర రీజెంట్లు (పిల్లాడి తరఫున ఏలేవాళ్లు), పెద్ద చీఫ్‌లు. ఆ ఒప్పందంలో రెండు విషయాలు దేశం తలరాత రాశాయి. మొదటిది భూమి. రాజ్యం విస్తీర్ణంలో సుమారు 8,000 చదరపు మైళ్లు వెయ్యి మందికి పైగా చీఫ్‌లకు, పెద్దలకు సొంత ఆస్తిగా పంచేశారు. కబాకాకు 350 చదరపు మైళ్లు. మైళ్లలో కొలిచి ఇచ్చారు కాబట్టి ఆ భూమికి 'మైలో' అన్న పేరు వచ్చింది, ఇప్పటికీ అదే పేరు. 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టి శిస్తు వసూలు చేసేవాళ్లను భూస్వాములుగా మార్చిన సంగతి తెలిసిన తెలుగువాళ్లకు ఇది ఎక్కడో విన్నట్టే ఉంటుంది. అంతకుముందు చీఫ్ నచ్చకపోతే రైతు ఇంకో చీఫ్ దగ్గరికి వెళ్లి గుడిసె వేసుకునేవాడు. చీఫ్‌కు భయం ఉండేది. ఇప్పుడు రైతు కౌలుదారు. ఎక్కడికి పోయినా భూమికి ఒక యజమాని ఉన్నాడు. తాతముత్తాతల సమాధులున్న భూములు పరాయి చీఫ్‌ల పేరిట పడ్డాయని వంశపెద్దలు 1920ల్లో ఉద్యమమే చేశారు. చివరికి 1928లో కౌలు మీద పరిమితి పెడుతూ చట్టం తేవాల్సి వచ్చింది.

రెండోది ఆరో క్లాజు. కబాకా, చీఫ్‌లు, ప్రజలు ప్రొటెక్టరేట్ (బ్రిటిష్ రక్షిత ప్రాంతం) చట్టాలకు కట్టుబడి సహకరించినంత కాలం ఆయన్ని రాజుగా గుర్తిస్తాం అని అందులో ఉంది. 'సహకరించినంత కాలం' అన్న ఆ ముక్కే కత్తి. 53 ఏళ్లకు అది దిగింది. 1953 జూన్‌లో లండన్‌లో వలసల మంత్రి ఆలివర్ లిటిల్టన్ తూర్పు ఆఫ్రికా సమాఖ్య గురించి మాటజారాడు. సమాఖ్య అంటే కెన్యాలోని తెల్ల సెటిలర్ల కిందికి వెళ్లడమే అని బుగాండా వణికింది. కబాకా ముటెసా 2 అప్పటికి 30 లోపు వయసువాడు, కేంబ్రిడ్జిలో చదువుకున్నవాడు, సూట్లు వేసుకునేవాడు. ఆయన మీద జనానికి అప్పటిదాకా పెద్ద మోజేమీ లేదు. 1945లో, 1949లో అల్లర్లు జరిగినప్పుడు జనం కోపం ఆయన చీఫ్‌ల మీదే. చీఫ్‌లను మేమే ఎన్నుకుంటాం అన్నది 1949లో ఒక డిమాండు. అలాంటి రాజు ఈసారి గవర్నర్‌కు అడ్డం తిరిగాడు. బుగాండాకు విడిగా స్వాతంత్ర్యం కావాలన్నాడు. నవంబరు 30న గవర్నర్ ఆండ్రూ కోహెన్ గుర్తింపు ఉపసంహరించి, అదే రోజు విమానం ఎక్కించి లండన్ పంపేశాడు.

కోహెన్ మంచివాడే, సంస్కరణవాది. కానీ రాజకీయంగా ఇంతకంటే పెద్ద పొరపాటు ఊహించడం కష్టం. రాజును దించి హీరోని చేసేశాడు. బుగాండాలో దుఃఖసూచకంగా బెరడుబట్టలు కట్టుకున్నారు. మరుసటి ఏడాది హైకోర్టు కూడా ఆరో క్లాజును అలా వాడడం చెల్లదని చెప్పింది. 1955 అక్టోబరులో ముటెసా తిరిగొచ్చాడు. కొత్త ఏర్పాటు ప్రకారం ఆయన రాజ్యాంగబద్ధ రాజు మాత్రమే. జనం దృష్టిలో మాత్రం ముందెన్నడూ లేనంత రాజు. 'కబాకా యెక్కా', అంటే కబాకా ఒక్కడే, అన్న పేరుతో పార్టీయే పుట్టింది.

ఇక్కడే రాజకీయ నాయకుడు, వంశపారంపర్య రాజు ఎదురెదురు పడ్డారు. ఉత్తరాది నుంచి వచ్చిన మిల్టన్ ఒబోటెకు మెజారిటీ కోసం బుగాండా కావాలి, బుగాండాకు తన ప్రత్యేకత కాపాడే ప్రధాని కావాలి. ఇద్దరూ చేతులు కలిపారు. 1962 అక్టోబరు 9న ఉగాండాకు స్వాతంత్ర్యం, ఏడాదికి ముటెసా దేశాధ్యక్షుడు, ఒబోటె ప్రధాని. ఒకే మనిషి దేశం మొత్తానికి అధ్యక్షుడు, అందులో ఒక ముక్కకు రాజు. బున్యొరో నుంచి 1890ల్లో బ్రిటిష్‌వాళ్లు లాక్కుని బుగాండాకు బహుమానంగా ఇచ్చిన ప్రాంతాల మీద 1964 నవంబరులో ఓటింగు పెడితే అక్కడివాళ్లు బున్యొరోకే ఓటేశారు. అధ్యక్షుడిగా ఆ బదిలీ జరిపించాలి, రాజుగా ఆపాలి. ఈ ముడి విప్పడం ఎవరి తరం? 1966 మే 24న ఒబోటె ఆజ్ఞ మీద ఇదీ అమీన్ సైన్యం మెంగో రాజభవనం మీద విరుచుకుపడింది. ముటెసా గోడ దూకి పారిపోయి లండన్ చేరి, 1969లో అక్కడే చనిపోయాడు. 1967లో రాజ్యాలన్నీ రద్దయ్యాయి. 1993లో వాటిలో చాలావరకు తిరిగి వచ్చాయి, రాజకీయ అధికారం లేకుండా.

రాజు, నాయకుడు ఒకే మనిషిగా ఉండాలంటే ఒకటి వదులుకోవాలని గ్రహించినవాడు బెచువానాలాండ్‌లో (ఇప్పటి బోట్స్‌వానా) సెరెట్సె ఖామా. న్గ్వాటోల రాజవంశం వారసుడు. 1948లో లండన్‌లో రూత్ విలియమ్స్ అనే తెల్లమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. రీజెంటుగా ఉన్న బాబాయి షెకేడీ మండిపడ్డాడు. 1949 జూన్‌లో సెరోవె రచ్చబండ దగ్గర, వాళ్ల మాటల్లో క్గోట్లా, వేలమంది చేరారు. నన్నూ నా భార్యనూ ఒప్పుకునేవాళ్లు లేచి నిలబడండి అని సెరెట్సె అడిగితే దాదాపు అందరూ లేచారు. ప్రజలు ఒప్పుకున్నారు. బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. పక్కన దక్షిణాఫ్రికా కన్నెర్ర చేస్తుందన్న భయం. మాట్లాడదాం రమ్మని లండన్ పిలిపించి, తిరిగి వెళ్లనివ్వలేదు. న్గ్వాటోలు మాత్రం ఇంకో చీఫ్‌ను ఎన్నుకునేది లేదని భీష్మించుకు కూర్చున్నారు. 1956లో గద్దె మీద హక్కు వదులుకుని మామూలు పౌరుడిగా సెరెట్సె ఊరికి వచ్చాడు. 1962లో పార్టీ పెట్టాడు, 1965లో 31 సీట్లలో 28 గెలిచాడు, 1966లో బోట్స్‌వానా మొదటి అధ్యక్షుడయ్యాడు. తన తెగ భూముల్లోని ఖనిజాల హక్కును దేశానికి ఇచ్చేలా తనవాళ్లనే ఒప్పించాడు. ఒరాపాలో వజ్రాలు బయటపడింది ఆ తెగ ప్రాంతంలోనే, 1967లో. అయితే ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. చీఫ్‌లను గుర్తించే, తొలగించే అధికారాన్ని ఆయన ప్రభుత్వం ప్రజలకు తిరిగి ఇవ్వలేదు. దాన్ని తనే ఉంచుకుంది.

గోల్డ్ కోస్ట్‌లోనూ అదే జరిగింది, ఇంకాస్త కరుగ్గా. అక్కడ చదువుకున్న లాయర్లు, విలేకరులు 1920లో కాంగ్రెస్ పెట్టి లండన్ వెళ్లి ప్రాతినిధ్యం అడిగితే, అక్యెమ్ అబువాక్వా రాజు నానా ఒఫోరి అట్టా వీళ్లు ఎవరికీ ప్రతినిధులు కారని శాసనమండలిలో ఎండగట్టాడు. ప్రజల గొంతు మేమే అన్నాడు. మరి 1932లో కొత్త పన్ను విషయంలో ఆయన సొంత రాజ్యంలోని యువకుల దళాలు, అసాఫోలు, ఆయన్నే గద్దె దించాలని చూశాయి. ప్రభుత్వం ఆయన వెనక నిలబడింది. దించే హక్కు పేరుకు ఉంది, పనిచేయలేదు.

అందుకే 1950లో స్వాతంత్ర్య ఉద్యమ నాయకుడు క్వామె న్క్రుమా, ప్రజలను కాదని సామ్రాజ్యవాదులతో చేరే చీఫ్‌లు చెప్పులు వదిలేసి పారిపోయే రోజు వస్తుందని హెచ్చరిస్తే, విన్న ప్రతి ఒక్కరికీ ఆ చెప్పులేమిటో తెలుసు. 1951 ఎన్నికలను ఆయన జైల్లో ఉండే గెలిచాడు. తర్వాత 1954లో కోకో కొనుగోలు ధరను 60 పౌండ్ల బరువు మూటకు 72 షిల్లింగులకు కట్టేయడంతో అసంతె రైతులు భగ్గుమన్నారు. కుమాసీలో పుట్టిన విమోచన ఉద్యమానికి నాయకుడు అసంతె రాజు తరఫున మాట్లాడే పెద్ద, బఫుర్ ఒసెయ్ అకోటో. చీఫ్‌లు వెనక నిలిచారు. 1956 ఎన్నికల్లో న్క్రుమా మళ్లీ గెలిచాడు, 1957 మార్చి 6న ఘనా పుట్టింది. మరుసటి ఏడాదే ఒఫోరి అట్టా 2 గద్దె పోయింది. 1959లో అసంతె ప్రాంతాన్ని చీల్చి బ్రోంగ్-అహాఫో ఏర్పాటు చేశారు, అదే ఏడాది చట్టం ద్వారా ప్రభుత్వ గుర్తింపు లేనిదే చీఫ్ చీఫ్ కాడని తేల్చారు. గవర్నర్ వాడిన కలమే ప్రధాని చేతికి వచ్చింది, రాత కూడా పెద్దగా మారలేదు.

ఘనాలో ఆ కలాన్ని లాక్కోవడానికి మరో 30 ఏళ్లకు పైగా పట్టింది. 1992 రాజ్యాంగంలో 270వ అధికరణం ప్రకారం, చీఫ్‌కు గుర్తింపు ఇచ్చే లేదా తీసేసే హక్కును ఎవరికైనా కట్టబెట్టే చట్టం చేసే అధికారం పార్లమెంటుకు లేదు. 276వ అధికరణం ఇంకో వైపు తలుపు మూసింది, చీఫ్ పార్టీ రాజకీయాల్లోకి దిగాలంటే గద్దె వదిలేయాలి. ఎవరు ఎక్కారో ఎవరు దిగారో పేర్లు రాసుకునేది ఇప్పుడు జాతీయ చీఫ్‌ల సభ. దాని కార్యాలయం కుమాసీలో ఉంది.